పగలు కెరటం, రాత్రి కొండ

విశాఖపట్నం వెళ్లేవారిలో చాలామంది రామకృష్ణా బీచ్‌లో మొదలుపెట్టి కైలాసగిరి రోప్‌వేతో ముగించేస్తారు. సాయంత్రం ఇసుకలో మురీ మిక్స్చర్, మర్నాడు అరకు, ఆ రాత్రికే తిరుగు రైలు. ఇప్పుడిప్పుడు వీపు సంచీలో మడత టెంటు పెట్టుకుని దిగే కుర్రకారు కనిపిస్తున్నారు. ఆలోచన మంచిదే. తూర్పు కనుమలు సముద్రానికి ఇంత చేరువగా వచ్చిన పెద్ద నగరం మన తీరంలో మరొకటి లేదు. బస్సు దిగీ దిగగానే వాళ్లు అడిగేది మాత్రం ఒకటే: ఇసుకలో టెంటు ఎక్కడ వేసుకోవచ్చు?

వేసుకోకపోవడమే మేలు.

జనవరి నుంచి మార్చి దాకా రాత్రివేళ ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో తాబేలు ఇసుక తవ్వి వంద దాకా, ఒక్కోసారి అంతకు మించి పెట్టి, గుంత కప్పేసి సముద్రంలోకి వెళ్లిపోతుంది. సుమారు 50 రోజులకు పిల్లలు పైకి వస్తాయి. చీకట్లో అన్నిటికంటే వెలుతురుగా కనిపించే దిక్కుకు పాకడం వాటి స్వభావం. మామూలుగా ఆ వెలుతురు నీటిమీదే ఉంటుంది. ఒడ్డున లైట్లు వెలిగితే దారి తప్పి ఊరివైపు నడుస్తాయి. అందుకే అటవీశాఖవారు గుడ్లు ఏరి, తీరం వెంట కంచె వేసిన చోట్ల పొదిగిస్తారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ఈ తాబేళ్లకు పులితో సమానమైన రక్షణ ఇచ్చింది. టెంటు ముందు నెగడు వేసి పాటలు పెట్టుకునేవారికి ఈ సంగతి తెలిసి ఉండదు.

తాబేళ్ల మాట అటుంచినా, ఈ సముద్రం చూసినంత సాధువు కాదు. ఒడ్డుకొచ్చిన నీరంతా సన్నటి పాయగా మళ్లి వేగంగా లోపలికి లాక్కుపోయే చోట్లు ఇక్కడ ఉన్నాయి. పైకి కెరటం లేకుండా ప్రశాంతంగా కనిపించే పాయే ప్రమాదం. అందులో చిక్కినవారు ఒడ్డుకు ఎదురీదితే అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా కొంత దూరం ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. మునకకు వేళ, చోటు ఏవో జాలర్లను అడిగి తెలుసుకోవడం ఉత్తమం.

రాత్రికి పనికిరాని తీరం పగటికి బోలెడంత పని చెబుతుంది. బీచ్ రోడ్డు పక్కనే ఐఎన్ఎస్ కుర్సురా నిలబడి ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, మరుసటి ఏడాది మ్యూజియంగా మారిన రష్యా తయారీ జలాంతర్గామి. 91 మీటర్ల ఉక్కు గొట్టంలో డెబ్బైమందికి పైగా నెలల తరబడి ఎలా పడుకున్నారో లోపల నడిచి చూస్తే, ఇద్దరు పట్టే టెంటు రాజభవనంలా అనిపిస్తుంది.

అక్కడినుంచి భీమిలి రోడ్డు పట్టుకుని, రుషికొండ దాటాక ఎడమవైపు కొండెక్కితే తొట్లకొండ. నౌకాదళం స్థావరం కోసం సర్వే చేస్తుంటే ఈ బౌద్ధారామం ఆనవాళ్లు బయటపడ్డాయి. 1988 నుంచి 1992 వరకు పురావస్తు శాఖ తవ్వించింది. రాతిలో తొలిచిన నీటి తొట్లు, వరసగా భిక్షువుల గదులు, కింద నీలి సముద్రం. రెండు వేల ఏళ్ల కిందట ఓడల రాకపోకలు కనిపించే తీరాన్ని ఎంచుకుని కూడా, ఆ భిక్షువులు నివాసం కొండమీదే పెట్టుకున్నారు. వాన నీటిని రాతిలో పట్టి దాచుకున్నారు. క్యాంపింగ్ గురించి ఇంతకంటే మంచి పాఠం మరెక్కడా దొరకదు.

అదే రోడ్డుమీద ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి ఎత్తి పోసింది. ఇనుము తుప్పు పట్టి ఆ ఇసుక ఎర్రబారింది. వానలు కోసి లోయలు చేశాయి. ఇలాంటి నేల తమిళనాడులో, శ్రీలంకలో తప్ప మన చుట్టుపక్కల లేదు. 2014లో జాతీయ భూవారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకూ ఎక్కింది. చేత్తో రుద్దితే రాలే గోడలివి. గోడలెక్కి ఫొటోలు దిగడం, మేకులు దిగ్గొట్టడం చేయకూడని పనులు.

భీమిలి 1861లోనే మునిసిపాలిటీ అయిన పాత ఊరు. డచ్చివాళ్ల సమాధులు, లైట్‌హౌస్ అందరూ చూస్తారు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటును మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఆ నదిని వెనక్కి పట్టుకుపోతే యాత్రకు దారి దానంతటదే దొరుకుతుంది. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ బొర్రా గుహల గుండా పారి, విశాఖకు తాగునీరిచ్చే తాటిపూడి జలాశయాన్ని నింపి భీమిలి చేరుతుంది. సున్నపురాతిని నీరు బొట్టుబొట్టుగా కరిగించి తొలిచినవే బొర్రా గుహలు. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు లైన్ మీద, సొరంగాలు దాటుకుంటూ ఆ కొండలెక్కడం ఒక ముచ్చట.

ఇక రాత్రి మజిలీ. పాడేరు దగ్గర వంజంగి, చింతపల్లి దగ్గర లంబసింగి... రెండూ విశాఖకు వంద కిలోమీటర్ల దరిదాపుల్లో ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లా గ్రామాలు. నవంబరు నుంచి జనవరి దాకా తెల్లవారుజామున వంజంగి కొండమీద నిలబడితే మేఘాలు కాళ్లకింద ఉంటాయి. రాత్రి నేల చల్లబడి, బరువెక్కిన చల్లగాలి లోయలోకి జారి, అందులోని తేమ మబ్బుగా చిక్కబడటమే దీని కిటుకు. ఎండ ముదిరితే కరిగిపోతుంది కాబట్టి రాత్రి ఆ దగ్గర్లోనే పడుకున్నవాళ్లకే దక్కుతుంది. టెంటు విలువ తేలేది ఇక్కడ. లంబసింగిలో చలి ఒక్కోసారి సున్నా డిగ్రీల దరిదాపులకు పడిపోతుంది. దుప్పటి చాలదు, స్లీపింగ్ బ్యాగ్ కావాలి. టెంట్లు అద్దెకిచ్చేవారు, బొంగులో చికెన్ కాల్చి పెట్టేవారు స్థానికులే. వాళ్లు చూపించిన చోటే దిగడం అన్నివిధాలా క్షేమం. అడవిలో నెగడు వద్దు, చిన్న గ్యాస్ స్టవ్ చాలు. మన్యంలో మలేరియా పాత శత్రువు కనుక దోమతెర మరవొద్దు. పాడేరు వైపు వెళ్తుంటే మాడుగులలో ఆగి, గోధుమపాలతో చేసే హల్వా కొనుక్కోవచ్చు.

అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను హెచ్చరికలు చూసుకునే బయలుదేరాలి. 2014లో హుద్‌హుద్ విశాఖను తాకింది అక్టోబరు 12నే. వంజంగికి శని, ఆదివారాల్లో జనం పోటెత్తుతారు. వీలున్నవారు వారం మధ్యలో వెళ్లండి, తాగిన నీళ్ల సీసాలు తిరిగి కిందికి తెచ్చేయండి.