జీపు వెనుక ఇరుసు: ఒట్టి గుల్లకు కావలసిన సామాను

మన పాఠశాల పిల్లల తండ్రులలో ఒకరు జీపు నడిపి జీవించువారు. ఈ సంవత్సరము వానలలో వారి బండి వెనుక ఇరుసు పాడై, నెల దినములు బండి ఇంటిముందు నిలిచిపోయినది. వారు పాత సామాను కొట్టులో ఇరుసు గుల్లను మాత్రము కొని, విడి భాగముల జాబితా ఆంగ్లమున నుండుటచే చదివి చెప్పుమని నా కడకు వచ్చిరి. "గుల్ల దొరికింది గదా మాస్టారూ, సగం పని అయినట్టే" అనిరి. జాబితా చదివిన పిమ్మట ఆ మాట మరల అనలేదు. గుడారి పరిసరములలో జీపును నమ్ముకొన్న కుటుంబములు మరికొన్ని కలవు గనుక దాని సారము నిచ్చట వ్రాయుచున్నాను.

ఎద్దుబండి ఇరుసు తిరుగదు. చక్రములే దానిపై వేర్వేరుగ తిరుగును. కావున మలుపులో బయటి చక్రము ఎక్కువ దూరము పోయినను చిక్కు లేదు. జీపులో చక్రములను ఇంజను త్రిప్పవలెను. రెంటిని ఒకే కడ్డీకి బిగించినచో మలుపులో ఒకటి నేలపై ఈడ్వబడును. అందుచే కడ్డీని రెండుగ చేసి, నడుమ డిఫరెన్షియల్ అను పళ్లచక్రముల పేటికను అమర్చిరి. బురదలో మనలను ఏడిపించునదియు ఇదియే: ఒక చక్రము జారి గిరగిర తిరుగుచుండ, గట్టినేల మీది చక్రము కదలదు. వంశధార ఇసుకలో చిక్కుకొన్నవారికి నేను వేరుగ చెప్పనక్కరలేదు.

గుల్ల కొనునపుడు మొదట చూడవలసినవి దానిలోని రెండు బేరింగు మూతలు. వానిని గుల్లతో కలిపియే తొలిచి నునుపు చేసెదరు. మరియొక గుల్ల మూతలు దీనికి పనికిరావు. కుడి ఎడమలు సైతము మార్చరాదు. మూతలు లేని గుల్ల ఎంత చవకయైనను ఇనుము తూకమునకే సరి. ఇరుప్రక్కల గొట్టములు వంగియున్నవేమో కూడ చూడవలెను.

తరువాతది క్రౌను, పినియను. ఇవి జతగ నూరబడినవి గనుక జతగనే కొనవలెను. సి.జె.3బి జీపునకు సాధారణముగ క్రౌనుకు 43, పినియనుకు 8 పళ్లుండును. 43ని 8చే భాగించిన 5.375. పై పెద్దమనిషి చవకయని తెచ్చిన జతను మా ఏడవ తరగతి పిల్లలచే లెక్కింపజేయగా 39, 8 తేలినవి, అనగా 4.875. ముందు ఇరుసు లెక్క ఒకటి, వెనుకది వేరొకటి అయినచో, నాలుగు చక్రములకును పట్టు ఇచ్చినపుడు రెండును ఒకదానితో నొకటి పెనుగులాడి ఏదో యొకటి విరుగును. అమ్మినవాడు జతను తిరిగి పుచ్చుకొనలేదు. ఆ సొమ్ము పోయినట్లే. పళ్లు లెక్కించుటకు పైసా ఖర్చు లేదు గదా!

పేటికలో రెండు పెద్ద, రెండు చిన్న పళ్లచక్రములు, వాని నడుమ కడ్డీ, వాషర్లు ఉండవలెను. పినియనుకు రెండు, పేటికకు రెండు, చక్రములవద్ద రెండు, వెరసి ఆరు బేరింగులు కావలెను. ఇవిగాక షిమ్ములనెడు పలుచని ఉక్కు వలయములు. చూచుటకు అల్పములుగాని పని యంతయు వీనియందే యున్నది. పినియను ఎంత లోనికుండవలెనో, క్రౌను ఎంత చేరువగ నుండవలెనో అంగుళములో వెయ్యవ వంతుల లెక్కన వీనితోనే సరిచేయుదురు. పళ్లకు రంగు పూసి త్రిప్పగా ఒరపిడి గుర్తు పంటి నడుమ పడవలెను. ఈ పనికి తగిన కొలత పరికరములు గల మెకానిక్కునే ఆశ్రయించుట మేలు.

ఆయిల్ సీళ్లు, మూత గాస్కెట్టు, బ్రేకు పళ్లెములు, షూలు, చక్రపు సిలిండర్లు, డ్రమ్ములు ఎవరైనను చెప్పగలరు. పాత సీలును మరల వాడవలదు.

అర్ధకడ్డీల విషయమున లోభము కూడదు. ఈ జీపులో బండి బరువును కడ్డీయే మోయును. అది విరిగినచో చక్రము ఊడి దొర్లిపోవచ్చును. సంతకు పోవు జీపులో ఎందరెక్కుదురో మనమెరిగినదే. కడ్డీ కొస వాలుగ నుండి, తాళపు చీలతో హబ్బు దానిపై కూర్చుండును. వాలుపై గీతలున్నను, చీల గాడి అరిగినను క్రొత్తది కొనవలెను.

చివరకు, హైపాయిడ్ పళ్లకు తగిన 90 నంబరు నూనె పోసి, గాలిరంధ్రము మూసికొనిపోలేదని చూచి, బండిని కొంత దూరము నడిపి హబ్బు నట్టును మరల బిగింపవలెను. పిన్ను రంధ్రము సరిపడకున్నచో నట్టును ముందుకే త్రిప్పవలెను గాని వెనుకకు సడలింపరాదు.