పొగ లేని మత్తు – ఊపిరితిత్తులకు ముప్పు

తాపీ నదీతీరాన వెలసిన సూరత్ నగరం ఊపిరితిత్తుల వ్యాధి ఎంతటి భీతిని కలిగించగలదో స్వయంగా చవిచూసింది. 1994 సెప్టెంబరులో అక్కడ న్యుమోనిక్ ప్లేగు కలకలం రేగగా లక్షలాది జనం నగరం విడిచి వెళ్ళారు. తెలంగాణ నుండి వలస వెళ్ళి, లింబాయత్ ప్రాంతంలో మరమగ్గాలపై జీవనం సాగిస్తున్న తెలుగు కుటుంబాలకు కూడా అవి మరపురాని రోజులు. 1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో అదే నగరం పారిశుద్ధ్యంలో దేశానికి ఆదర్శంగా నిలిచింది.

ప్లేగు మనిషి కోరకుండా వచ్చిన వ్యాధి. నేటి యువజనులకు ఎదురవుతున్న ఒక ముప్పు మాత్రం కోరి లోనికి పీల్చుకునేది. గంజాయి నుండి తీసిన సారాన్ని చిన్న విద్యుత్ పరికరంలో వేడిచేసి ఆ ఆవిరిని పీల్చడమే అది.

సారం అనగా ఏమిటి?

గంజాయి మొక్కలో మత్తు కలిగించే ప్రధాన పదార్థం టి.హెచ్.సి. పూతలో ఇది సాధారణంగా 10 నుండి 20 శాతం వరకు ఉంటుంది. బ్యూటేన్ వంటి ద్రావకాలతో తీసిన సారంలో 60 నుండి 90 శాతం వరకు ఉండవచ్చు. అందువల్ల కొద్దిపాటి పీల్పులతోనే అపరిమితమైన మత్తు శరీరంలో చేరుతుంది. గుండె దడ, తీవ్రమైన ఆందోళన, భ్రాంతులు కలుగవచ్చు. దీర్ఘకాలం వాడేవారిలో కొందరికి ఆగని వాంతులు పట్టుకుంటాయి. 10 శాతం లేదా అంతకు మించి టి.హెచ్.సి. గల గంజాయిని నిత్యం వాడేవారికి, ఎన్నడూ వాడనివారికంటే తీవ్ర మానసిక వ్యాధి సోకే అవకాశం సుమారు 5 రెట్లు అధికమని ఐరోపా, బ్రెజిల్ నగరాలలో జరిగిన అధ్యయనం 2019లో వెల్లడించింది.

అమెరికా అనుభవం

పొగ, బూడిద ఉండవు; వాసన తక్కువ. కావున ఇది హానిలేనిదన్న అపోహ వ్యాపించింది. 2019లో అమెరికాలో సంభవించిన విపత్తు ఆ అపోహను తొలగించింది. ఆవిరి పీల్చినవారిలో అకస్మాత్తుగా ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. 2020 ఫిబ్రవరి 18 నాటికి 2,807 కేసులు నమోదైనాయి. వారిలో 68 మంది మరణించారు. వివరాలు లభించిన రోగులలో 82 శాతం మంది టి.హెచ్.సి. ఉన్న సరుకును వాడినవారే. నూనెను చిక్కబరచడానికి దొంగ వ్యాపారులు కలిపిన విటమిన్ ఇ అసిటేట్‌పై ప్రధానంగా అనుమానం నిలిచింది. పరీక్షించిన 51 మంది రోగులలో 48 మంది ఊపిరితిత్తుల ద్రవంలో అది కనిపించింది. మింగినప్పుడు సాధారణంగా హాని చేయని పదార్థం పీల్చినప్పుడు ప్రాణాంతకం కాగలదని లోకానికి తెలిసింది.

చట్టం, చికిత్స

మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం హాషిష్ నూనెను చరస్‌తో సమానంగా పరిగణిస్తుంది. గంజాయి విషయంలో 20 కిలోలు వాణిజ్య పరిమాణం కాగా చరస్‌కు అది 1 కిలో మాత్రమే. ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీ, దిగుమతి, విక్రయం, ప్రకటనలను 2019 చట్టం నిషేధించింది. అయితే చట్టంలో దయకు కూడా చోటున్నది. స్వల్ప పరిమాణంతో పట్టుబడిన వ్యసనపరుడు స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకు వస్తే అతనిని విచారణ నుండి మినహాయించే వీలు 1985 చట్టంలోనే ఉన్నది. వ్యసన విముక్తికి 14446 నంబరుపై ఉచితంగా సలహా పొందవచ్చు.

దగ్గు, ఆయాసం, ఛాతీనొప్పి, జ్వరం, వాంతులు – ఈ లక్షణాలు న్యుమోనియాను పోలి ఉంటాయి; ఎక్స్‌రే చిత్రం కూడా అదే భ్రమ కలిగించగలదు. ఏమి పీల్చాడో రోగి చెప్పనిదే వైద్యుడు కారణాన్ని గుర్తించడం కష్టం. భయంతోనో సిగ్గుతోనో దాచిన ఆ ఒక్క మాట ప్రాణం మీదికి తేగలదు. కాబట్టి బిడ్డ నిజం చెప్పినప్పుడు దండనకు ముందు వైద్యానికి తొందరపడటం తల్లిదండ్రుల, అధ్యాపకుల ప్రథమ కర్తవ్యం. ప్లేగునాడు వ్యాధిని దాచిన ఇల్లు కాదు, వెంటనే చెప్పి చికిత్స పొందిన ఇల్లే తననూ, ఇరుగుపొరుగునూ కాపాడుకోగలిగింది.