సెకనులో మూడోవంతు

ప్రోగ్రాములు రాసి బతికే నాకు దహ్రాన్ ఒక పాఠం. 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని ఆ ఊళ్ళో అమెరికా సైనికుల బసపై ఇరాక్ స్కడ్ క్షిపణి పడి 28 మంది చనిపోయారు. కాపలా ఉన్న పేట్రియట్ దాన్ని అడ్డుకోనేలేదు. ఎందుకని?

రాడార్ తను చూసిన క్షిపణి మరుక్షణం ఎక్కడుంటుందో లెక్కగట్టి, అక్కడే వెతుకుతుంది. పేట్రియట్ గడియారం సెకనులో పదోవంతుల్ని లెక్కపెట్టేది. మనకి తేలికైన 0.1 ద్విసంఖ్యామానంలో తెగని భిన్నం. 24 బిట్లకి కత్తిరించాల్సిందే. ఆ పిసరంత తేడా వంద గంటల్లో 0.34 సెకనయింది. అంతలో స్కడ్ అర కిలోమీటరు దాటిపోతుంది! రాడార్ వెతికినచోట ఆకాశం ఖాళీ.

"చాలాసేపు" నడిపితే తేడా రావచ్చని నాలుగు రోజుల ముందే హెచ్చరిక వెళ్ళింది. ఎన్ని గంటలో అందులో లేదు. సరిదిద్దిన ప్రోగ్రాము మర్నాడు చేరింది.

నేనిప్పుడు "చాలాసేపు" అని రాయను, అంకె వేస్తాను.