కరెంటు కారు కొనేముందు

మన హాస్టల్ నుండి వెళ్ళి ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలు కొందరు ఎలక్ట్రిక్ కారు కొనాలని చూస్తున్నారు. అప్పు చేసి కొనే వస్తువు కనుక ముందు లెక్క తెలియాలి.

బ్యాటరీ సామర్థ్యాన్ని కిలోవాట్ అవర్లలో చెబుతారు. భయపడనక్కర లేదు, అది మన కరెంటు బిల్లులోని యూనిట్టే. 2020 జనవరిలో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీ బ్యాటరీ 30.2 యూనిట్లు. 312 కిలోమీటర్లు వెళ్తుందని ప్రకటించారు. కానీ ఆ పరీక్ష రోలర్ల మీద చేస్తారు. మే నెల ఎండలో ఏసీ వేసుకుని హైవే మీద వేగంగా పోతే 200 వస్తే చాలనుకోవాలి. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది (ఇంటర్ ఫిజిక్స్ ఇక్కడ పనికొచ్చింది!). ఊళ్ళో తిరిగేవారు నయం. వేగం తగ్గించినప్పుడల్లా మోటారే జనరేటరుగా మారి కొంత కరెంటు బ్యాటరీకి తిరిగి పంపుతుంది.

యూనిట్ 8 రూపాయలు, దానికి 6 కిలోమీటర్లు అనుకుంటే కిలోమీటరుకు రూపాయిన్నర లోపే. పెట్రోలు లీటరు 105, మైలేజీ 15 అనుకుంటే 7 రూపాయలు.

అయితే ఈ లాభం ప్రధానంగా ఇంట్లో చార్జింగ్ పెట్టుకునేవారిదే. బయటి ఫాస్ట్ చార్జర్ల దగ్గర యూనిట్ ధర బాగా ఎక్కువ. కనుక అద్దె ఇంట్లో ఉండేవారు ముందు వెళ్ళాల్సింది షోరూముకు కాదు, ఇంటి ఓనరు దగ్గరకు. 15 ఆంప్స్ ప్లగ్గు, మంచి ఎర్తింగ్ కావాలి. రాత్రంతా మూడు కిలోవాట్ల లోడు, అంటే మనం వార్డెన్ సారుకు తెలియకుండా పెట్టే వాటర్ హీటర్లు రెండు! ఓనరు ఒప్పుకోకపోతే ప్రస్తుతానికి పెట్రోలు కారే మేలని నా అభిప్రాయం.

సెకండ్ హ్యాండ్ కొనేవారు బ్యాటరీ వారంటీ ఎంత మిగిలిందో చూడాలి. పైన చెప్పిన నెక్సాన్‌కు 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది.