మీకు తెలుసా? బాలింతను బీరు తాగమన్న పుస్తకం

1861లో లండన్‌లో వెలువడిన ఇసబెల్లా బీటన్ గృహనిర్వహణ గ్రంథం, పాలిచ్చే తల్లికి పోర్టర్, స్టౌట్ అనే ముదురు రంగు బీర్లను మించిన టానిక్ లేదంది. రెండూ సమపాళ్లలో కలిపితే ఇంకా మేలంది. ఆ మాట నమ్మిన తల్లులను తెలివితక్కువవాళ్లనడం అన్యాయం. బీరు తాగాక రొమ్ములు నిండినట్టు, బరువెక్కినట్టు ఉండేవి. బీరు తయారయ్యే బార్లీలోని ఒక పీచుపదార్థం పాలు ఊరించే ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను పెంచుతుందని తర్వాతి పరిశోధనల్లోనూ తేలింది. అలాగైతే సలహా సరైనదే కదా అంటారా? కాదు. పాలు ఊరడం వేరు, బిడ్డ నోటికి అందడం వేరు. రొమ్ము చేపడానికి ఆక్సిటోసిన్ అనే మరో హార్మోన్ కావాలి. ఆల్కహాల్ దాన్నే అణుస్తుంది. తల్లి మద్యం తీసుకున్నాక బిడ్డ తాగే పాలు తగ్గాయని 1991లో అమెరికా పరిశోధకులు చూపారు. తల్లికి ధైర్యమిచ్చిన ఆ నిండుదనం, పాలు దిగక నిలిచిపోవడం వల్ల కూడా కావచ్చు. ఆనాటి నగరాల్లో మంచినీళ్లు కలుషితం, బీరే నయం అన్న వాదనలో కొంత నిజముంది. కానీ బార్లీ జావ కాచుకోవడం ఆ ఇళ్లకు కొత్త కాదు. మరిగిన నీళ్లూ, బార్లీ గుణమూ అందులోనే దొరికేవి.