శుక్లం ఆపరేషన్‌కు ముందు చెప్పవలసిన మాట

కంటి ఆపరేషన్‌కు వెళ్లిన పెద్దవారిని "ఏమేం మందులు వాడుతున్నారు?" అని అడిగితే బీపీ, షుగర్ మాత్రల పేర్లు చెబుతారు. మూత్రం ఇబ్బందికి వాడే మాత్ర సంగతి చాలామంది చెప్పరు. కొందరికి బిడియం, మరికొందరికి "దానికీ కంటికీ ఏం సంబంధం?" అన్న అనుమానం. సంబంధం ఉంది.

తరగతిలో కంటి పాఠం చెప్పేటప్పుడు మేము ఐరిస్‌ను కిటికీ తెరతో పోలుస్తాం. వెలుతురు ఎక్కువైతే తెర దగ్గరకు వస్తుంది, తగ్గితే విచ్చుకుంటుంది. మధ్యలోని రంధ్రమే కంటిపాప. శుక్లం పట్టిన కటకం ఈ తెర వెనుక ఉంటుంది. కంటిపాప బాగా విచ్చుకుంటేనే డాక్టరు దాన్ని సులువుగా తీయగలరు. అందుకే ముందుగా చుక్కల మందు వేస్తారు.

ప్రోస్టేట్ గ్రంథి పెరిగినవారికి ఇచ్చే టామ్సులోసిన్ మందు మూత్రమార్గపు కండరాలను సడలిస్తుంది. ఐరిస్‌ను విప్పే కండరం మీద కూడా అది పనిచేస్తుంది. దాంతో ఆపరేషన్ మధ్యలో ఐరిస్ వదులై రెపరెపలాడుతుంది, కోతలోకి జారుతుంది, కంటిపాప ముడుచుకుపోతుంది. అమెరికా వైద్యులు డేవిడ్ చాంగ్, జాన్ క్యాంప్‌బెల్ 2005లో ఈ సమస్యను వివరించారు. ముందుగా తెలియకపోతే ఐరిస్ దెబ్బతినవచ్చు, కటకం వెనుక పొర చిరగవచ్చు.

ముందే తెలిస్తే డాక్టరు సిద్ధంగా ఉంటారు. ఆపరేషన్ సమయంలో కంటి లోపలికి ఫినైలెఫ్రిన్ మందు ఎక్కించి ఐరిస్‌ను బిగువుగా నిలుపుతారు. కొందరికి ముందుగా అట్రోపిన్ చుక్కలు వాడతారు. అవసరమైతే సన్నని కొక్కేలతోగానీ, చిన్న రింగుతోగానీ కంటిపాపను తెరిచి ఉంచుతారు.

ఒక హెచ్చరిక. ఈ మాట విని మాత్రను సొంతంగా మానేయకండి. మానినా ఐరిస్ మీద దాని ప్రభావం చాలాకాలం ఉండిపోవచ్చు; పైగా మూత్రం బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. ఎప్పుడో వాడి మానేసినవారు కూడా ఆ సంగతి చెప్పాలి. మూత్రపిండాల్లో రాళ్లకు కూడా ఈ మందు ఇస్తారు కనుక స్త్రీలూ చెప్పాలి.

ఇంట్లో పెద్దవారిని ఆపరేషన్‌కు తీసుకువెళ్లే పిల్లలకు మా మనవి ఒక్కటే: వాళ్లు వాడే మందుల చీటీలు, మాత్రల అట్టలు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లి డాక్టరు ముందు పెట్టండి. పెద్దలు సిగ్గుపడి చెప్పని మాటను ఆ అట్టలే చెబుతాయి.