స్కిమ్మర్ కొనేముందు చేపల్ని లెక్కపెట్టండి

నేను కొన్న మొదటి ప్రొటీన్ స్కిమ్మర్ డబ్బా మీద ‘వెయ్యి లీటర్ల వరకు’ అని ఉంది. మా రీఫ్ ట్యాంకు నాలుగడుగులది, 300 లీటర్లు. ఏసీ అయినా ఇన్వర్టర్ అయినా ఒక సైజు పెద్దదే తెచ్చుకోవడం మన ఇళ్ళలో ఆనవాయితీ కదా, ఇదీ అంతే అనుకున్నాను. మూడు వారాలైనా దాని కప్పులో చుక్క పడలేదు. లోపల బుడగలు పాలు మరిగినట్టు తెల్లగా మరుగుతున్నాయి, మెడ దాకా వస్తున్నాయి, అక్కడే చిట్లి కిందికి జారిపోతున్నాయి. కొన్న దుకాణానికి ఫోన్ చేస్తే, “కొత్తది కదా సార్, అలవాటు పడనివ్వండి” అన్నాడు. అందులో కొంత నిజముంది. కొత్త ప్లాస్టిక్‌కు అంటుకున్న నూనె జిడ్డు పోయి, లోపలి గోడలకు సన్నటి జీవపొర పట్టేదాకా వారం పది రోజులు ఏ స్కిమ్మరూ సరిగ్గా పనిచేయదు. కానీ నా ఇబ్బంది అది కాదు. అప్పటికి నా తొట్టిలో ఉన్నవి రెండు క్లౌన్ చేపలు, ఒక రొయ్య, వేలెడంత పగడపు ముక్కలు మూడు. అంత పెద్ద యంత్రానికి వాటి మురికి ఏ మూలకు?

స్కిమ్మర్ చేసే పని మన వంటింటికి కొత్తేమీ కాదు. కందిపప్పు ఉడుకుతుంటే పైకొచ్చే తెట్టును గరిటెతో తీసి పారేస్తాం. అనకాపల్లి వైపు చెరకు రసం కాచి బెల్లం వండేచోట తెట్టు తీయడమే ఒక పెద్ద పని. రీఫ్ తొట్టిలోనూ తీసేది తెట్టునే. కాకపోతే ఇక్కడ పొయ్యి ఉండదు, గాలే ఆ పని చేస్తుంది.

చేపలు తిన్నాక మిగిలిన మేత, వాటి విసర్జన, పగడాలు వదిలే జిగురు, చచ్చిన నాచు కరిగి నీళ్ళలో కలుస్తాయి. ఆ కరిగినవాటిలో చాలా అణువులకు రెండు స్వభావాలుంటాయి. ఒక కొస నీళ్ళను కోరుకుంటుంది, ఇంకో కొస నీళ్ళకు దూరంగా పోవాలని చూస్తుంది. అలాంటి అణువు కుదురుగా నిలిచే చోటు నీరూ గాలీ కలిసే సరిహద్దు. ఒక కాలు నీళ్ళలో, ఒక కాలు గాలిలో పెట్టుకుని అక్కడే ఉండిపోతుంది. సబ్బూ, కుంకుడు రసమూ నురగ కట్టేది ఈ గుణం వల్లే. నా తొట్టి పైన ఆ సరిహద్దు మొత్తం 0.6 చదరపు మీటర్లు. దాన్ని పెంచాలంటే నీళ్ళలోకి బుడగలు వదలాలి. ప్రతి బుడగ చుట్టూ కొత్త సరిహద్దు పుడుతుంది.

ఎంత పుడుతుందో లెక్కేసి చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. లీటరు గాలిని 5 మిల్లీమీటర్ల బుడగలుగా విడగొడితే వాటి ఉపరితలాలన్నీ కలిపి 1.2 చదరపు మీటర్లు. అదే గాలిని అర మిల్లీమీటరు బుడగలు చేస్తే 12 చదరపు మీటర్లు. గంటకు 500 లీటర్ల గాలి పీల్చే స్కిమ్మర్‌ను తీసుకుందాం. పెద్ద బుడగలతో అది గంటకు 600 చదరపు మీటర్లు పరుస్తుంది, అంటే సుమారు 15 సెంట్ల స్థలం. తెలంగాణ లెక్కలో ఆరు గుంటలు. చిన్న బుడగలతో అయితే దగ్గరదగ్గర ఎకరంన్నర! పైగా చిన్న బుడగ నిదానంగా పైకి తేలుతుంది కాబట్టి దారిలో దానికి మురికి అంటుకునే వ్యవధీ ఎక్కువే.

ఉప్పు నీళ్ళు ఇందులో మనకు సాయం చేస్తాయి. రెండు అర లీటరు సీసాల్లో సగానికి పైగా మంచినీళ్ళు పోసి, ఒకదానిలో రెండు చెంచాల ఉప్పు కరిగించి, రెంటినీ గట్టిగా ఊపి చూడండి. మంచినీళ్ళ బుడగలు ఒకదాన్నొకటి మింగి పెద్దవై చటుక్కున పైకి పోతాయి. ఉప్పు నీళ్ళు సన్నటి బుడగలతో కాసేపు తెల్లగా మసకబారతాయి. లీటరుకు 35 గ్రాముల ఉప్పుండే సముద్రపు నీళ్ళలో బుడగలు అంత తేలిగ్గా కలిసిపోవు. గోల్డ్ ఫిష్ తొట్టికి ఇలాంటి స్కిమ్మర్ పెట్టి లాభం లేకపోవడానికి ఇదే కారణం.

ఒకసారి భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే మా బావమరిది ఇంటికొచ్చాడు. నేను గర్వంగా స్కిమ్మర్ చూపిస్తే కప్పు మూత తీసి, వాసన చూసి, ముక్కు మూసుకుని, “ఇందులో కొత్తేముంది బావా, మా చెరువు మూల నురగే కదా” అన్నాడు. నిజమే. ఏరేటర్లు చెరువు నీళ్ళను చిలుకుతాయి, గాలి ఆ నురగను ఒక మూలకు నెడుతుంది. మామూలు రోజుల్లో చిట్లిపోయే నురగ, ప్లాంక్టన్ ఒక్కసారిగా చచ్చి నీళ్ళలో కరిగినప్పుడు చిక్కబడి నిలిచిపోతుంది. “నురగ నిలిచిందంటే ఆ రోజు మేత తగ్గిస్తాం” అన్నాడు. స్కిమ్మర్ గురించి నేను చదివిన వ్యాసాలన్నిటికన్నా ఆ మాట నాకు ఎక్కువ పనికొచ్చింది. నీళ్ళలో మురికి ఉంటేనే నురగ నిలుస్తుంది. నా వెయ్యి లీటర్ల యంత్రంలో గాలికి లోటు లేదు, నురగను నిలబెట్టే మురికికే లోటు. మెడ ఎంత వెడల్పయితే దాన్ని నింపడానికి అంత మురికి కావాలి.

అందుకే డబ్బా మీది లీటర్ల అంకెను నేను నమ్మను. నీళ్ళు మురికి చేయవు, నోళ్ళు చేస్తాయి. 300 లీటర్లలో రెండు క్లౌన్ చేపలు ఉండొచ్చు, ఎప్పుడు చూసినా మేసే ట్యాంగులు నాలుగు ఉండొచ్చు. రెంటికీ ఒకే స్కిమ్మర్ ఎలా సరిపోతుంది? రోజుకు గడ్డకట్టిన మేత ముక్క సగం వేస్తున్నారా, మూడు వేస్తున్నారా అన్నది ముందు చూసుకోండి. కొన్ని డబ్బాల మీద తక్కువ, మధ్యస్థం, ఎక్కువ మేతలకు వేర్వేరు అంకెలుంటాయి. మీ మేత ఏ వరుసలోకి వస్తుందో అక్కడి అంకె మీ తొట్టికి దగ్గరగా ఉంటే చాలు. ఒకే పెద్ద అంకె వేసి ఊరుకున్నారంటే అది చేపలు దాదాపు లేని తొట్టికి చెప్పిన లెక్క అనుకోవడం మంచిది. కాస్త చిన్నదై రోజూ నిలకడగా నురగ తీసే స్కిమ్మరే మేలు, ఒకరోజు పొంగి నాలుగు రోజులు పడుకునే పెద్దది నాకొద్దు. వంద లీటర్ల లోపు తొట్టికైతే అసలు కొనకండి. వారానికి పదో వంతు నీళ్ళు మార్చుకుంటే సరిపోతుంది.

స్కిమ్మర్ లేనిదే రీఫ్ లేదన్నట్టు మాట్లాడేవాళ్ళున్నారు. 1961లోనే ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రపు రాళ్ళూ గాలి బుడగలతో తొట్టిలో పగడాలను బతికించిన తీరు రాశాడు. తర్వాత బెర్లిన్‌లో డీట్రిష్ ష్ట్యూబర్ లాంటి అభిరుచిపరులు జీవమున్న రాళ్ళకు గట్టి వెలుతురూ, మంచి స్కిమ్మరూ జోడించారు. ‘బెర్లిన్ పద్ధతి’ అనే పేరు అలా వచ్చింది. ఇంతకీ స్కిమ్మర్ ఎంత తీస్తుంది? అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ రసాయన శాస్త్రవేత్త కెన్ ఫెల్డ్‌మన్ 2009లో కొన్ని స్కిమ్మర్లతో కొలిచి చూశాడు. నీళ్ళలోని సేంద్రియ కార్బన్‌లో అవి తీయగలిగింది 20, 30 శాతం ప్రాంతంలోనే. మిగతాది ఎంతసేపు నడిపినా బుడగకు అంటలేదు. ఒక మోడల్‌కూ ఇంకో మోడల్‌కూ తేడా కూడా ప్రకటనల్లో ఊదరగొట్టినంత లేదు. కప్పులోని మడ్డిని ఎండబెట్టి చూస్తే అందులో కాల్షియం కార్బొనేట్, డయాటమ్‌ల సిలికా గుల్లల్లాంటి ఖనిజాలే బాగా కనిపించాయి. ఇప్పటికే పుట్టిన నైట్రేటును స్కిమ్మర్ తీయలేదు. కుళ్ళి నైట్రేటుగా మారబోయే సరుకులో కొంత ముందే లాగేస్తుంది, నీళ్ళకు గాలి బాగా అందిస్తుంది. అంతవరకే దాని గొప్ప. అయినా మా ఇంట్లో అది లేకుండా నేను తొట్టి నడపను, ముఖ్యంగా ఆ గాలి కోసం.

ఇక యంత్రం లోపలికి. ఒకప్పుడు పొడవాటి గొట్టం అడుగున చెక్కతో చేసిన ఎయిర్ స్టోన్ పెట్టి బుడగలు తీసేవారు. బుడగలు బాగానే వచ్చేవి కానీ చెక్క కొన్ని వారాలకే మూసుకుపోయేది. ఇప్పుడు ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది నీడిల్ వీల్. పంపులో రెక్కల బదులు ముళ్ళ చక్రం ఉంటుంది. గాలీ నీళ్ళూ కలిసి దానిలోకి వెళ్తే, కవ్వం మజ్జిగను చిలికినట్టు చిలికి గాలిని తుత్తునియలు చేస్తుంది. దుకాణంలో స్కిమ్మర్ నడుస్తుంటే కాస్త వంగి ఆ గదిలోకి చూడండి. బుడగలు విడివిడిగా కనిపిస్తే అంత మంచిది కాదు, నీళ్ళు పలచటి పాలలా కనిపించాలి. కిందినుంచి వచ్చే సుడి మెడ దాకా పోకుండా నెమ్మదించాలి, లేకపోతే ఎక్కబోయే నురగ చెదిరిపోతుంది.

కప్పులో పడేదాని రంగు మన చేతిలో ఉంటుంది. లోపలి నీటి మట్టం పెంచితే పలచటి టీ రంగు నీళ్ళు ఎక్కువ వస్తాయి, తగ్గిస్తే ఫిల్టర్ కాఫీ డికాక్షన్ లాంటి చిక్కటిది కొంచెం వస్తుంది. నేను రెంటికీ మధ్యలో ఉంచుతాను. ఈ మట్టం ఊరికే మారిపోతుంటే ఏ సర్దుబాటూ నిలవదు. స్కిమ్మర్ ఉండేది తొట్టి కింద సంప్‌లో (హైదరాబాద్ వాళ్ళు ఇంటి ముందు గొయ్యి అనుకోకండి, ఇది చిన్న గాజు పెట్టె). నీళ్ళు ఆవిరై సంప్‌లో మట్టం తగ్గగానే నురగ దిగిపోతుంది. చాలా మోడళ్ళు 18 నుంచి 23 సెంటీమీటర్ల లోతు నీళ్ళు అడుగుతాయి. ఆ లోతు మారని అరలోనే దాన్ని కూర్చోబెట్టాలి.

కరెంటు పోయినప్పుడు ఇంకో తంటా. పంపు ఆగగానే పై తొట్టి నీళ్ళు కొంత సంప్‌లోకి దిగుతాయి. కరెంటు రాగానే ఆ ఎక్కువ లోతులో స్కిమ్మర్ మొదలై, కప్పు నిండి పొంగి, కష్టపడి తీసిన మడ్డి అంతా మళ్ళీ నీళ్ళలో కలుస్తుంది. వేసవిలో మా ఇంట్లో ఇది రెండుసార్లు జరిగింది. కరెంటు వచ్చాక పది నిమిషాలు ఆగి మొదలయ్యే డీసీ కంట్రోలర్ ఉన్న మోడల్‌కు నేను నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టింది అందుకే. కరెంటు ఖర్చు పెద్ద లెక్క కాదు, 20 వాట్ల పంపు రాత్రింబగళ్ళు తిరిగితే నెలకు 14 యూనిట్ల పైచిలుకు.

స్కిమ్మర్ పీల్చేది మన గది గాలినే అన్నది చాలామందికి తట్టదు. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్ళకు 420 పైచిలుకు. తలుపులేసుకుని ఏసీలో పడుకున్న గదిలో అది వెయ్యి దాటుతుంది. అదంతా నీళ్ళలో కరిగి పీహెచ్ దిగిపోతుంది. గాలి గొట్టాన్ని కిటికీ బయటికి పెడితే సరి. దీనికన్నా భయపడాల్సింది దోమల మందుకి, బొద్దింకల స్ప్రేకి. వాటిలో ఉండే పైరెత్రాయిడ్లు చేపలకూ రొయ్యలకూ అతి తక్కువ మోతాదులోనే విషం. వాటిని గాలితో సహా నీళ్ళలోకి చిలికి పోయడానికి స్కిమ్మర్‌ను మించిన సాధనం లేదు.

మేత వేశాకో, నీళ్ళలో చేయి పెట్టాకో నురగ పడిపోతే కంగారు పడొద్దు. జిడ్డు తగిలితే నురగ కూలుతుంది, కొన్ని గంటల్లో మళ్ళీ లేస్తుంది. పగడాలను రాయికి అతికించే ఎపాక్సీ పుట్టీ వాడితే మటుకు ఉల్టా, ఆ రోజు పొంగి పొర్లుతుంది. మెడ లోపల జిడ్డు పేరుకుంటే నురగ ఎక్కదు కనుక రెండు మూడు రోజులకోసారి తుడవాల్సిందే. గాలి గొట్టం మూతిలో ఉప్పు పేరుకుంటే వేడినీళ్ళు పోస్తే కరుగుతుంది.

పగడాలు కొనేవాళ్ళకు ఒక మాట. వన్యప్రాణి సంరక్షణ చట్టం 2001 నుంచి మన సముద్రాల రాతి పగడాలను మొదటి షెడ్యూల్‌లో, పులితో సమానంగా పెట్టింది. మన్నార్ సింధుశాఖ నుంచో అండమాన్ నుంచో తెచ్చామని ఎవరైనా అమ్మజూపితే ముట్టుకోకండి. దిగుమతి అన్నా సరే, కాగితాలు చూపమనండి.

చివరిగా, స్కిమ్మర్ ఎత్తుతో పాటు తొట్టి స్టాండ్ లోపలి ఎత్తు కూడా టేపు పెట్టి కొలవండి. కప్పును నిటారుగా పైకి లాగి తీయాలి, దానికి ఇంకో నాలుగైదు అంగుళాలు ఖాళీ కావాలి. రెండో స్కిమ్మర్ కొనేటప్పుడు నేను మేత లెక్క చూశాను, మెడ చూశాను, గాలి చూశాను, ఇది మాత్రం చూడలేదు. ఒక అంగుళం తక్కువైంది. కప్పును ఒంచి తీస్తున్నాను, తీసినప్పుడల్లా కొంచెం చేతి మీద ఒలుకుతోంది.